ఎడ్లకు సెలవున్న నాటి అంగడి

కొత్త ఊళ్లో కాలుపెట్టగానే ఎవరైనా మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. మా బావ మాత్రం "ఈడ ఏం దొరకది?" అని అడుగుతాడు. దొరకనిదేదో తెలిస్తే దాన్ని తెచ్చి అమ్మవచ్చన్నది ఆయన సిద్ధాంతం. సిద్ధాంతం మంచిదే. కాకపోతే ఒక ఊళ్లో ఒక వస్తువు దొరకడం లేదంటే అక్కడ దాన్ని అడిగేవాళ్లే లేకపోవచ్చన్న సంగతి, ప్రతిసారీ సామాను దింపిన తర్వాతే ఆయనకు తెలిసేది.

చొప్పదండిలో సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణం పెట్టాడు. అప్పటికి ఆ చుట్టుపక్కల ఎవరికీ సైకిలు తొక్కడం రాదు. వచ్చినవాళ్లందరికీ సీటు వెనక పట్టుకుని తానే పరుగెత్తి నేర్పాడు. నేర్చుకున్నవాళ్లు చాలా సంతోషించి సొంత సైకిళ్లు కొనుక్కున్నారు. తర్వాత జమ్మికుంటలో పత్తి మార్కెట్ పక్కన చాయ హోటల్ పెట్టాడు. దూది తీసేసి తాగితే చాయ బాగానే ఉండేది. ఆ హోటల్ మూతపడటానికి మార్కెట్టే కారణమని మేమంతా అంటాం గాని, బావ ఒప్పుకోడు. హోటల్ గల్లాపెట్టె దగ్గర కూర్చుని పొద్దంతా ఎదురుగా ఉన్న మార్కెట్‌నే చూశాడట. వందల బండ్లు రావడం, కేకలు, బేరాలు, సాయంత్రానికి అంతా ఖాళీ అయిపోవడం. ఎంత ఇష్టంగా చూశాడంటే చాయ తాగినవాళ్లు పైసలివ్వకుండా పోవడం కూడా కనిపించలేదు.

అక్కడి నుంచి రైలెక్కి గోదావరి దాటాడు. మంచిర్యాల అవతల, ఒక పక్క రైలు పట్టా, ఇంకో పక్క అడవి ఉన్న ఊళ్లో దిగి, ఏం దొరకదని అడిగాడు. ఉప్పు, గ్యాసు నూనె, సూదులు, దారాలు, లాంతరు గ్లాసులు, మంచి గొడుగు, ఏవీ దొరకవన్నారు. మా బావ జీవితంలో మొదటిసారి అడిగేవాళ్లున్న ఊరు దొరికింది. ఏడాది నిండకముందే ఆ ఊరి పొయ్యిల మీద ఉడికే ప్రతి కూరలోనూ మా బావ దుకాణపు ఉప్పే.

ఆ రోజుల్లోనే నేను అక్కడికి చేరాను. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి కూడా గవర్నమెంటును ఇబ్బంది పెట్టడం ఎందుకని ఆగిపోయినవాణ్ని. "మీ బావ దగ్గర పని నేర్చుకో" అని బాపు రైలెక్కించాడు. ఆయన దగ్గర నేర్చుకోగలిగింది సామాను మూట కట్టడం ఒకటేనని బాపుకూ తెలుసు.

మూటలు కట్టడంలో మా అక్కను మించినవాళ్లు లేరు. ఎన్ని ఊళ్లు మారిందో! అందుకే ఆమె ఇంట్లో ఒక వస్తువు ఎప్పుడూ మూటలోనే ఉండేది. అక్క పెండ్లికి మా అవ్వ పెట్టిన ఇత్తడి గంగాళం. నీళ్లు కాచుకోవడానికి పెట్టిందట, ఇద్దరు మనుషులు పడితే గాని లేవదు. గోనెసంచిలో పెట్టి, సుతిలి తాడుతో కుట్టి, మూలకు పెట్టేది. నాకు అది కుర్చీ.

"ఇప్పి వాడుకోరాదే అక్కా" అన్నాను, వచ్చిన కొత్తలో.

"ఇప్పితె మల్ల కట్టాలె గద" అంది అక్క. "మీ బావ ఇంకో ఊరు జూసేదాక గిట్లనే ఉండనీ."

అక్కకు ఆ ఊరు నచ్చింది. నోరు తెరిచి చెప్పలేదు. పెరట్లో పొట్లపాదు పెట్టడం చూసి కనిపెట్టాను. చొప్పదండిలోనూ జమ్మికుంటలోనూ ఆమె ఏ గింజా నాటలేదు. కాసేదాకా ఉంటామన్న నమ్మకం ఉంటేనే కదా ఎవరైనా గింజ నాటేది.

సరిగ్గా అప్పుడే మా బావకు రాజకీయం పట్టుకుంది.

ఊళ్లో పంచాయతీ ఎన్నికలు వస్తున్నాయి. రాష్ట్రం పేరు మారి కొన్నేళ్లయింది, సర్కారు కాగితాల్లో తెలుగు పెరిగింది, ఇక సర్పంచ్ అనే పదవి కూడా వచ్చింది. పెద్దమనుషులు వేపచెట్టు కింద కూర్చుని ఎవరిని నిలబెట్టాలని మాట్లాడుకుంటుంటే, అటుగా పోతున్న మా బావ ఆగి, అడగని సంగతి చెప్పాడు.

"గీ ఊరికి అంగడి లేదు. వారం వారం అంగడైతెనే ఊరు ఊరైతది. నేను పెట్టిస్త."

ఊరి పెద్ద పటేల్, ముసలాయన. మీసాలు తెల్లగా, మాట నెమ్మదిగా ఉంటుంది. ఆయన మాటలో సగం మరాఠీ వినిపించేది. బావను పైనుంచి కిందిదాకా చూశాడు.

"సేటూ, అంగడి పెట్టుడంటె దుకాణం పెట్టినట్టు గాదు. మొదటి దినం పొద్దుగూకేదాక బేరం నడువాలె. అమ్మెటోళ్లు మల్ల వారం వస్తమనాలె. గప్పుడే అంగడి నిలబడ్డట్టు. నిలబెడితె నువ్వే మా సర్పంచువు, ఎలక్షను గూడ అక్కెరలేదు."

అక్కడితో ఆగి నమస్కారం పెట్టి వచ్చేస్తే సరిపోయేది. మా బావ ఆగలేదు.

"నిలబడకుంటె దుకాణం ఎత్తేసి గోదారి అవుతలికి పోత. మల్ల గీ ముఖం సూపియ్య" అన్నాడు, ఛాతీ మీద చెయ్యి వేసుకుని.

ఆయన్ను పొమ్మని ఎవరూ అనలేదు. పోవడం గురించి అసలు ఎవరూ అడగలేదు. పెద్దమనుషులే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కాని మాట నోరు దాటిపోయింది, ఊరంతా విన్నది. ఇంటికొచ్చి చెబితే అక్క లోపలికి వెళ్లి గోనెసంచి మీది సుతిలి గట్టిగా ఉందా లేదా లాగి చూసుకుంది. తర్వాత పెరట్లోకి వెళ్లి పొట్లపాదు దగ్గర చాలాసేపు నిలబడింది. తీగ అప్పుడప్పుడే పందిరి ఎక్కుతోంది.

వారం నిర్ణయించడం సులువే అయింది. చుట్టుపక్కల ఊళ్లు సోమవారం, మంగళవారం అంటూ అన్నీ పంచుకోగా ఎవరూ తీసుకోని వారం ఒకటే మిగిలింది, బేస్తవారం. వానలు కాస్త తెరిపిచ్చిన శ్రావణం చివర్లో మొదటి అంగడి అని బావ ప్రకటించాడు.

"గా బేస్తారం అమాస" అంది అక్క. "అమాస నాడు ఎవలన్న మంచి పని మొదలు వెడుతరా?"

ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు బావ లేచి నిలబడ్డాడు. "అమాసకు బయపడితె యాపారం నడుస్తదానే? రైలు అమాస నాడు ఆగుతదా?"

"మన టేషన్ల పున్నం నాడు గూడ ఆగదు బావా, పాసింజరు తప్ప" అన్నాను.

బావ నన్ను పట్టించుకోలేదు. అమావాస్య అంటే ఏమిటో, చంద్రుడు ఎక్కడికి పోతాడో, లోకం ఎటు పోతోందో వివరించాడు. ఎవరైనా వచ్చి అమావాస్య సంగతి ఎత్తితే ఏం చెప్పాలో దారిన పోయేవాళ్లకు కూడా వినిపించి తయారుగా ఉన్నాడు. ఆ విషయంలో ఆయన్ను ఓడించేవాడు ఆ తాలూకాలో లేడు. అమావాస్య గురించి ఒక్కరు కూడా అడగకపోవడమే ఆయన దురదృష్టం.

నేను డప్పు మనిషిని వెంటబెట్టుకుని చుట్టుపక్కల అంగళ్లన్నీ తిరిగి చాటింపు వేశాను. "వచ్చే బేస్తారం కొత్త అంగడి! తైబజారు మాఫీ!" అని. తైబజారంటే అంగట్లో కూర్చున్నందుకు అమ్మేవాళ్లు కట్టే రుసుము, అది మాఫీ అంటే ఎవరైనా సంతోషించాల్సిందే. బేస్తవారం అనగానే అందరూ నవ్వారు. కొందరు "షాబాష్" అన్నారు.

"అందరు నవ్విండ్రు బావా."

"సంబురం రా అది" అన్నాడు బావ.

ముందు రోజు సాయంత్రం పటేల్ ఇంటికి వెళ్లాం, ఆయన బండ్లు పొద్దున ఎన్నింటికి బయలుదేరతాయో మాట్లాడుకోవడానికి. సామాను అమ్మేవాళ్లలో సగంమంది రైల్లో వచ్చి కోసెడు దూరంలోని స్టేషన్లో దిగుతారు. ఊరూరా తిరిగి గాజులమ్మే ఒక చాచా అప్పటికే తన పెట్టెలతో అక్కడ దిగి ఉన్నాడు. చుట్టూ ఊళ్ల నుంచి కుండలూ, ధాన్యమూ, కూరగాయలూ రావాలన్నా బండ్లే గతి.

పటేల్ వాకిట్లో ఎడ్లు నిలబడి ఉన్నాయి. ఆయన మోదుగాకుతో నెయ్యి తీసి, పసుపు కలిపి, కాడి మోసి కాయలు కాసిన మెడల మీద నెమ్మదిగా రాస్తున్నాడు. ఎద్దు కళ్లు మూసుకుని సుఖపడుతోంది.

"పటేలా, రేపు పొద్దుగాల బండ్లు ఎప్పుడు కడుతరు?" అన్నాడు బావ.

పటేల్ చెయ్యి ఆగింది. "రేపా? రేపు పోలా గదా."

"అంటె?"

"పోలా! ఎడ్ల పండుగ. రేపు ఏ ఎద్దు మెడ మీద కాడి వెట్టం. పొలంల గాదు, బండికి గాదు. రేపు ఎడ్లకు సెలవు." పటేల్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "నీకెరికే ఉంటదనుకున్నం సేటూ. పోలా నాడు ఎడ్లను ముస్తాబు జేసి ఊరేగిస్తరు, జనం బాగ జమైతరు, గందుకే గా దినం పెట్టిండు, సేటు హుషారున్నడు అనుకున్నం."

మా గోదావరి అవతల కూడా ఎడ్లకు పండుగ ఉంది. అది ఏరువాక పున్నానికి, నాగళ్లు కట్టేముందు. మాది ఎప్పుడో అయిపోయింది. ఎడ్లు ఏటికి రెండో పండుగ చేసుకుంటాయని మాకెవరు చెప్పారు? ఏడాది నిండని మనుషులం, గడిచిన పోలా తర్వాత వచ్చినవాళ్లం. చాటింపులో అందరూ ఎందుకు నవ్వారో అప్పుడు అర్థమైంది. వాళ్లు మమ్మల్ని తెలివైనవాళ్లనుకున్నారు. అంత అన్యాయం మాకు ఎప్పుడూ జరగలేదు.

ఇంటికొచ్చేదాకా బావ మాట్లాడలేదు. మాట్లాడని బావను నేను అంతకుముందు చూడలేదు, కొంచెం భయమేసింది. అరుగు మీద కూలబడి, "అయిపోయింది. మూటలు గట్టు" అన్నాడు అక్కతో.

"మన ఎడ్లున్నయి గద, మనయి కడుదాం" అన్నాను. దుకాణం సామాను తెచ్చే బండికని బావ ఒక జోడిని కొని ఉన్నాడు.

"ఊరి ఎడ్లన్ని పండుగ జేసుకుంటుంటె మనయి పని జేస్తయారా? సిగ్గులేదా?" అని అక్క నా మీద లేచింది. నా మీద మొదలైన కోపం బావ మీదికి తిరిగింది. "అంత అంగడి పిచ్చుంటె నువ్వే గుంజు బండి! మెడ మీద కాడి వెట్టుకోని నువ్వే గుంజు! ఊరూరికి నన్ను గుంజుకపోతలేవా? గట్లనే!"

ఇది తిట్టు. తెలుగు తెలిసిన ఎవరికైనా తిట్టని తెలుస్తుంది. మా బావ తల పైకెత్తి అక్కను అలాగే చూస్తూ ఉండిపోయాడు. కళ్లు వెలిగాయి. వ్యాపారస్తుడికీ మనకూ తేడా అక్కడే ఉంది, ఆయన తిట్టును సలహాగా తీసుకున్నాడు.

"బామ్మర్దీ, పొద్దుగాల జల్ది లే" అన్నాడు.

పొద్దున్నే మా ఎడ్లకు అక్క స్నానం చేయిస్తుంటే, వాటి బండిని మేమిద్దరం తోసుకుంటూ స్టేషన్‌కు చేరాం. ఖాళీ బండి కాబట్టి వెళ్లడం ఊరేగింపులా ఉంది. ఉప్పు బస్తాలూ, గాజుల పెట్టెలూ ఎక్కించాక వచ్చింది అసలు కథ. కుడిపక్క వలపటి ఎద్దుగా బావ, ఎడమపక్క దాపటి ఎద్దుగా నేను, ఇద్దరి మెడల మీదా కాడి. గాజుల చాచా మమ్మల్ని చూసి టోపీ సవరించుకున్నాడు.

"సేట్ సాబ్, గిదేంది?"

"పోలా చాచా. ఎడ్లకు సెలవు."

"అరె వా! ఎడ్లయితె గడ్డేస్తె సాలు. గీ జోడికి ఏమెయ్యాలె?" అని, "ఫికర్ జెయ్యకుండ్రి, ఎనకకెల్లి నేను దొబ్బుత" అన్నాడు. తర్వాత నేను వెనక్కి తిరిగి చూసిన ప్రతిసారీ ఆయన ఒక చేత్తో బండిని ఆనుకుని నడుస్తున్నాడు. ఆయన తోస్తున్నాడా, బండే ఆయన్ను లాక్కుపోతోందా అన్నది నేటికీ తేలలేదు.

దారిలో ఒక వాగు. అక్కడ బండి దిగబడింది. ఊరి పై వాడ యువకులంతా తమ ఎడ్లను తెచ్చి ఆ వాగులోనే కడుగుతున్నారు. కొమ్ములకు రంగులూ, మెడలో గజ్జెలూ పెట్టుకున్న ఎడ్లు వరుసగా ఒడ్డున నిలబడి నెమరు వేస్తూ మమ్మల్ని చూశాయి. తమ పని వేరేవాళ్లు ఎట్లా చేస్తారో చూడాలని వాటికి మాత్రం ఉండదా!

బావ బురదలో నిలబడి ఆకాశం వైపు చూశాడు. "గోదారి దాటినోన్ని! గీ వాగు దాటలేనా!" అని గర్జించి కాడి ఎత్తాడు.

బండి కదల్లేదు. గోదావరిని రైల్లో దాటాడన్న సంగతి దానికి తెలిసినట్టుంది.

ఒడ్డు మీద నవ్వులు మొదలయ్యాయి. "ఓ సేటూ, వలపటిది మంచిదే, దాపటెద్దే మొండికేస్తుంది!" అన్నాడొకడు. "పనిదొంగ ఎద్దు, ముల్లుగర్ర సూపియ్యుండ్రి!" అన్నాడు ఇంకొకడు. దాపటి ఎద్దుగా నాకు కోపం రావాలి గాని, మోకాళ్లదాకా బురదలో ఉన్న మనిషికి కోపం కంటే నవ్వు తొందరగా వస్తుంది. "మాకు గూడ కొమ్ములకు రంగులేయుండ్రి, గుంజుతం!" అన్నాను.

ఒకడు పరుగెత్తుకొచ్చి నిజంగానే నా నుదుటి మీద కొమ్ములకు వేసే ఎర్ర జాజు పూశాడు. ఆ వెనక అందరూ నీళ్లలోకి దూకారు. ఎవరు ముందు పట్టారో తెలియదు, బండి ఒక్క ఊపులో అవతలి ఒడ్డున పడింది. చాచా మాత్రం ఇవతలే మిగిలిపోయాడు.

అక్కడ ఆగలేదు వ్యవహారం. పై వాడవాళ్లు సేటు బండి లేపారని విని, కింది వాడవాళ్లు తమ బండిలో కుండలెత్తుకుని దానికి మనుషులనే కట్టుకున్నారు. పై వాడవాళ్లు ఊరుకుంటారా? పక్క ఊరివాళ్లకు తెలిసింది. నా డప్పు వారం రోజులు తిరిగి చేయలేని పని, "సేటు మెడ మీద కాడి వెట్టుకున్నడట" అన్న ఒక్క మాట పొద్దెక్కేసరికి చేసేసింది. మగవాళ్లు లాగే బండ్లు ఒకదాన్నొకటి దాటుకుంటూ వస్తుంటే, చూడటానికి ఆడవాళ్లు వచ్చారు. వచ్చేవాళ్లు ఊరికే వస్తారా, తలో గంప కూరగాయలో, కోళ్లో నెత్తిన పెట్టుకుని వచ్చారు. వచ్చాక గాజులు చూడకుండా పోతారా? చాచా చుట్టూ ఎంతమంది మూగారంటే ఆయన టోపీ ఒక్కటే కనిపించింది.

సాయంత్రం ఎడ్ల ఊరేగింపు, పండుగకని ఊరి ముందు కట్టిన తోరణం దాటి నేరుగా అంగట్లోకే వచ్చింది. వీపు మీద రంగుల జూలు గుడ్డలు కప్పుకున్న ఎడ్లు, గజ్జెలు, డప్పులు, బేరాలు, అన్నీ కలిసిపోయాయి. పటేల్ పడమటి వైపు చూశాడు. పొద్దు అడవి వెనక్కి దిగింది. బేరాలు ఇంకా నడుస్తున్నాయి. బావ చాచా వైపు నడిచాడు. పటేల్ వెనకే నడిచాడు. పొద్దున అమ్మినవాళ్లు మళ్లీ వస్తామనాలి, అదీ షరతు.

"చాచా…" అన్నాడు బావ.

చాచా ఖాళీ పెట్టెలు కట్టుకుంటూ తల కూడా ఎత్తలేదు. "సేట్ సాబ్, వచ్చే బేస్తారం గీ జాగ నాదే. ఎవలకన్న ఇచ్చినవో, మంచిగుండదు."

పటేల్ నవ్వాడు. ఇంటి నుంచి ఎవరి చేతనో గిన్నె తెప్పించాడు. మోదుగాకుతో నెయ్యీ పసుపూ తీసి, ఊరంతా చూస్తుండగా, బావ అంగీ కాలర్ పక్కకు జరిపి, కాడి ఒరిసి కందిపోయిన మెడ మీద నెమ్మదిగా రాశాడు.

"అందరికంటె ఎక్కువ పని జేసిన ఎద్దు గిదే ఇయ్యాల" అన్నాడు. "రేపటి సంది మా సర్పంచు."

బావ ఉపన్యాసం తయారు చేసుకుని ఉన్నాడు, నాకు తెలుసు, నాలుగు రోజులుగా అద్దం ముందు చెప్పుకున్నాడు. నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. నెయ్యి రాస్తుంటే నిన్నటి ఎద్దులాగే కళ్లు మూసుకున్నాడు. ఆయన రాజకీయ జీవితంలో అంత మంచి ఉపన్యాసం మళ్లీ ఇవ్వలేదు.

ఇదంతా జరిగి ఏడెనిమిదేళ్లవుతోంది. మా బావ ఇప్పటికీ సర్పంచే. ఇప్పటికీ "ఈడ ఏం దొరకది?" అనే అడుగుతాడు, ఇప్పుడు తాలూకా ఆఫీసులో అడుగుతాడు. బడికి పైకప్పు, వాగు దాటడానికి మోరీ అలా అడిగి తెచ్చినవే. అమావాస్య మీద తయారు చేసుకున్న మాటలు మాత్రం అలాగే ఉండిపోయాయి, ఎవరైనా అడగకపోతారా అని చూస్తుంటాడు. పోలా నాడు ఊళ్లో ఒక బండిని మగవాళ్లు లాగుతారు. అదెప్పటినుంచో ఉన్న ఆచారమని ఈమధ్య ఎవరో కొత్తగా వచ్చిన టీచరుకు పటేల్ చెబుతుంటే విన్నాను. నేను సరిదిద్దలేదు.

ఆ సాయంత్రం మేం ఇంటికి చేరేసరికి బావ మెడ తిప్పలేని స్థితిలో ఉన్నాడు. ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పాల్సి వచ్చేది. అక్క ముందు మా ఎడ్లకు పండుగకు చేసిన పూర్ణం బచ్చాలు పెట్టింది, తర్వాత అదే పళ్లెంలోంచి ఒకటి తీసి బావ నోట్లో పెట్టింది. లోపలికి వెళ్లి కొడవలి తెచ్చింది. గోనెసంచి మీది సుతిలిని ఒక పక్కనుంచి కోసుకుంటూ పోయింది.

"కోసుడెందుకే అక్కా, ఇప్పరాదు? తాడు మల్ల పనికొస్తది" అన్నాను.

"ఇగ దేనికి?" అంది.

గంగాళం బయటికొచ్చింది. ఇన్నేళ్లు మూటలో ఉన్నా బంగారంలా మెరిసింది. నేనూ అక్కా చెరోవైపు పట్టి పెరట్లో మూడు రాళ్ల మీద పెట్టాం. అక్క బావి నుంచి బిందె బిందె తెచ్చి పోసి, కింద మంట పెట్టింది. బావ మెడకు వేడినీళ్లు. చూస్తుండగానే ఇత్తడి అడుగు నల్లబడటం మొదలైంది. పొట్లపందిరి కిందికి పొగ వెళ్లింది. అక్క ఆ మసిని చూస్తూ హాయిగా నవ్వుకుంది.

"మరి నాకు?" అన్నాను. "నేను గూడ గుంజిన గద."

"నువ్వు దాపటెద్దువట, మొండికేసినవట, వాగుకాడోళ్లు చెప్పిండ్రు" అంది అక్క, ఇంకో బిందె ఎత్తి పోస్తూ. "పోయి బావికాడ కడుక్కో. నుదురు మీద రంగు మాత్రం ఉండనీ, నీకు బాగుంది."